గేమ్ రికార్డింగ్‌లో ఫ్రేములు పోతున్నాయా? ఎన్‌వెంక్, క్విక్ సింక్, ఎక్స్264, రెండో పీసీ: ఎవరికి ఏది నప్పుతుంది

మా పిన్ని కొడుకు తెనాలిలో జీటీఏ రోల్‌ప్లే స్ట్రీమ్ చేస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పది దాటేసరికి చాట్‌లో ఒకటే గోల: "అన్నా ల్యాగ్", "అన్నా నెట్ మార్చు". వాడు నెట్ మార్చాడు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 200 పెట్టించుకున్నాడు. ల్యాగ్ పోలేదు. ఎవరో చెప్పారని ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాడు. అప్పుడూ పోలేదు. చివరికి "గ్రాఫిక్స్ కార్డే మార్చాలేమో అన్నా, ఓ ముప్ఫై వేలు సర్దగలవా" అని ఫోన్ చేశాడు. అప్పు మాట వినగానే వాడు స్ట్రీమ్‌కి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ మీద నాకు ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. ముందు అది రాసిపెట్టే లాగ్ ఫైల్ పంపరా అన్నాను.

స్ట్రీమ్ ఆపాక ఆ ఫైల్ చివర్లో కొన్ని లెక్కలు పడతాయి. వాడి ఫైల్లో రెండరింగ్ ల్యాగ్ వల్ల పోయిన ఫ్రేములు నూటికి పదకొండు. ఎన్‌కోడింగ్ వల్ల పోయినవి లేవు, నెట్ వల్ల పోయినవి అసలే లేవు. కొత్త ప్లాన్, కొత్త ర్యామ్ రెండూ దండగ. 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది), గేమ్‌కి ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) హద్దు లేదు, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం ఎప్పుడూ 99 శాతం దగ్గరే. గేమ్‌ని 60 దగ్గర కట్టేశాం. "144 మానిటర్ కొన్నది ఇందుకా" అని సణిగాడు గానీ, ఆ రాత్రి చాట్‌లో ల్యాగ్ మాట వినపడలేదు.

వాడిలాగే చాలామంది నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తుంటారు. ఏ ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది) మంచిది, క్యాప్చర్ కార్డు (ఒక పీసీ బొమ్మని ఇంకో పీసీలోకి తీసుకునేది) కొనాలా వద్దా అన్న ప్రశ్నలకి జవాబు మీ ఫ్రేమ్ ఎక్కడ పోతోందన్న దాన్ని బట్టే ఉంటుంది.

## ఫ్రేమ్ ఎక్కడ పోతోంది?

కర్రీ పాయింట్ ఊహించుకోండి. లోపల కూర వండుతారు, కౌంటర్ దగ్గర కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తారు, కుర్రాడు బండి మీద పట్టుకెళ్తాడు. మీ ఇంటికి కూర రాలేదంటే ఈ మూడు చోట్లలో ఎక్కడో ఆగింది. స్ట్రీమ్ కూడా ఇలాగే నడుస్తుంది. గేమ్ బొమ్మ, మీ కెమెరా, అలర్టులు అన్నీ కలిపి ఓబీఎస్ ముందు ఒక ఫ్రేమ్ తయారుచేస్తుంది. ఇది జీపీయూ మీద జరిగే వంట. దాన్ని ఎన్‌కోడర్ కుదించి ప్యాకెట్ కడుతుంది. ఎన్‌వెంక్ (ఎన్విడియా కార్డులది), క్విక్ సింక్ (ఇంటెల్‌ది), ఎక్స్264 (ప్రాసెసర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్) ఇలాంటి ఎన్‌కోడర్లే. ఆ ప్యాకెట్ నెట్ మీద యూట్యూబ్‌కో ట్విచ్‌కో పోతుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ 16.7 మిల్లీసెకన్లే. ఎక్కడ ఆలస్యమైనా ఆ ఫ్రేమ్ పోయినట్టే.

ఓబీఎస్‌లో డాక్స్ మెనూలోకి వెళ్ళి స్టాట్స్ తెరవండి. మూడు లెక్కలు కనిపిస్తాయి.

రెండరింగ్ ల్యాగ్ పెరుగుతుంటే వంట ఆలస్యం. గేమ్ జీపీయూని పూర్తిగా మింగేసి ఓబీఎస్‌కి ఏమీ మిగల్చడం లేదు.

ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరుగుతుంటే ప్యాకింగ్ ఆలస్యం. కింద "ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడెడ్" అని హెచ్చరిక కూడా రావచ్చు. ఎన్‌కోడర్‌కి మీరు పెట్టిన పని దాని శక్తికి మించింది.

డ్రాప్డ్ ఫ్రేమ్స్ అన్నది నెట్‌వర్క్ లెక్క. స్ట్రీమింగ్‌లోనే ఉంటుంది, ఫైల్‌కి రికార్డు చేసేటప్పుడు దీని ప్రసక్తే రాదు. మామూలు మాటల్లో అందరూ దేన్నైనా "ఫ్రేమ్ డ్రాప్" అనేస్తారు, ఓబీఎస్ మాత్రం ఆ మాటని నెట్ సమస్యకే వాడుతుంది. సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

మూడూ సున్నా ఉండి కూడా వీడియో కుదుపుతుంటే అది వేరే కథ. గేమే కుదుపుతూ ఉండొచ్చు, ఓబీఎస్ ఆ కుదుపుని నమ్మకంగా రికార్డు చేసి ఉంటుంది. లేదా మానిటర్ 75 హెర్ట్జ్, ఓబీఎస్ 60 ఎఫ్‌పీఎస్ అయి, ఫ్రేములు సమంగా పంచుకోవడానికి కుదరక కొన్ని దాటిపోతుంటాయి. గేమ్‌ని 60 దగ్గరో 120 దగ్గరో ఆపితే ఆ లెక్క కుదురుతుంది.

పరీక్ష ఇలా చేయండి. మీరు ఆడే గేమ్‌లో అన్నిటికంటే బరువైన చోటికి వెళ్ళి, స్ట్రీమ్‌లో వాడే సీన్‌తోనే (గేమ్, కెమెరా, అలర్టుల అమరికతోనే) అయిదు నిమిషాలు ఫైల్‌కి రికార్డు చేయండి. పొగ, పేలుళ్ళు, పదిమంది ప్లేయర్లు ఉన్నచోటైతే మరీ మంచిది. మెనూ స్క్రీన్ దగ్గర కూర్చుని "నాకు బాగానే వస్తోందే" అనుకుంటే ఉపయోగం లేదు.

## ఎంచుకునేటప్పుడు ఏవి చూడాలి

మొదటిది, మీ పీసీలో ఖాళీ ఎక్కడుంది? వాలరెంట్ లాంటి గేములు ప్రాసెసర్ మీద బరువు పెడతాయి, సైబర్‌పంక్ 2077 లాంటివి జీపీయూని పిండేస్తాయి. ఎన్‌కోడింగ్ బరువుని ఖాళీగా ఉన్నవాడి నెత్తిన పెట్టాలి.

రెండోది, లైవ్ స్ట్రీమా, రికార్డింగ్ మాత్రమేనా? లైవ్‌లో బిట్‌రేట్‌కి (సెకనుకి పంపే డేటాకి) హద్దుంది. కాబట్టి తక్కువ బిట్‌రేట్‌లో ఎవరు బాగా కుదిస్తారన్నది ముఖ్యం. రికార్డింగ్‌లో ఆ హద్దు లేదు. డిస్క్‌లో చోటుంటే బిట్‌రేట్ పెంచేసుకోవచ్చు, అప్పుడు ఎన్‌కోడర్ల మధ్య తేడా కంటికి కనపడదు.

ఆ తర్వాత డబ్బు, ఆ వీడియోని ఎడిట్ చేస్తారా లేదా అన్నది. ఈ రెండోదాన్ని జనం చివరిదాకా పట్టించుకోరు, ఎడిటింగ్‌లో మాటా బొమ్మా విడిపోయాక పట్టించుకుంటారు.

| దారి | బరువు ఎవరి మీద | ఏ ల్యాగ్‌కి మందు | ఖర్చు | లోపం |
|---|---|---|---|---|
| గేమ్‌కి ఎఫ్‌పీఎస్ హద్దు, సెట్టింగుల తగ్గింపు | ఎవరి మీదా కాదు | రెండరింగ్ | లేదు | ఎక్కువ ఎఫ్‌పీఎస్ వదులుకోవాలి |
| ఎన్‌వెంక్ | జీపీయూలోని ప్రత్యేక భాగం | ఎన్‌కోడింగ్ | కార్డు ఉంటే లేదు | జీపీయూ నిండితే రెండరింగ్ ల్యాగ్ అలాగే ఉంటుంది |
| ఏఎండీ ఎన్‌కోడర్ | జీపీయూలోని ప్రత్యేక భాగం | ఎన్‌కోడింగ్ | కార్డు ఉంటే లేదు | పాత కార్డుల్లో తక్కువ బిట్‌రేట్‌లో నాణ్యత తగ్గుతుంది |
| క్విక్ సింక్ | ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ | ఎన్‌కోడింగ్ | లేదు | ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో లేదు |
| ఎక్స్264 | ప్రాసెసర్ కోర్లు | జీపీయూ ఎన్‌కోడర్ లేనప్పుడు దిక్కు | లేదు | గేమ్ ఎఫ్‌పీఎస్ తింటుంది |
| కార్డుతో వచ్చే రికార్డర్ | జీపీయూ | తేలిక రికార్డింగ్ | లేదు | సీన్లు ఉండవు, ఎడిటింగ్‌లో పేచీ |
| రెండో పీసీ, క్యాప్చర్ కార్డు | వేరే మెషీన్ | రెండరింగ్, ఎన్‌కోడింగ్ రెండూ | ఎక్కువ | తీగలు, ఆడియో తలనొప్పి |

## పైసా ఖర్చు లేని దారి: అందరూ ముందు చేయాల్సింది

ఎన్‌వెంక్ గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది: "అది వేరే చిప్, కాబట్టి జీపీయూ మీద భారం పడదు." సగమే నిజం. ప్యాకింగ్ చేసే భాగం వేరే, ఒప్పుకుంటాను. కానీ ఎన్‌కోడ్ చేయడానికి ముందు ఫ్రేమ్‌ని కూర్చేది మామూలు జీపీయూనే. గేమ్ దాన్ని 99 శాతం లాగేసుకుంటే ఓబీఎస్ వంతు రాదు. అందుకే ఖరీదైన కార్డుల మీద కూడా రెండరింగ్ ల్యాగ్ వస్తుంటుంది.

దీనికి మందు గేమ్ ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టడం. గేమ్ సెట్టింగ్స్‌లోనే ఉంటే అక్కడ పెట్టండి. లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ ఉంది, ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటిదే ఉంది. జీపీయూ వాడకం 90 శాతం లోపు నిలిచేలా చూసుకుంటే చాలు. హద్దు పెట్టినా నిండిపోతుంటే నీడలు, ప్రతిబింబాలు, రే ట్రేసింగ్ లాంటివి ఒక్కో మెట్టు దించండి. చూసేవాళ్ళు ఆరంగుళాల ఫోన్‌లో చూస్తారు, అల్ట్రా నీడకీ మీడియం నీడకీ తేడా వాళ్ళకి తెలియదు.

రెండోది, విండోస్ 10 లేదా 11 మీద ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. అలా నడిపితే జీపీయూ దగ్గర ఓబీఎస్‌కి ముందు వరసలో చోటు దొరుకుతుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఒకసారి టిక్ పెడితే రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

సీన్ కూడా ఒకసారి చూసుకోండి. అలర్టులు, చాట్ పెట్టె, తిరిగే లోగో, ఇవన్నీ బ్రౌజర్ సోర్సులు. ఒక్కొక్కటీ ఒక చిన్న బ్రౌజర్ పేజీ. పది పెట్టుకుంటే పది ట్యాబులు తెరిచి గేమ్ ఆడినట్టే. డిస్‌ప్లే క్యాప్చర్ (తెర మొత్తాన్ని పట్టేది) బదులు గేమ్ క్యాప్చర్ (గేమ్ ఒక్కదాన్నే పట్టేది) వాడండి. విండోస్ సెట్టింగ్స్‌లో గేమింగ్ కింద క్యాప్చర్స్ అని ఉంటుంది. అక్కడ వెనకాల నడిచే రికార్డింగ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఒకే ఆటని ఇద్దరు రికార్డు చేయడం ఎందుకు?

## ఎన్‌వెంక్: ఎన్విడియా కార్డు ఉంటే ఇంకేం ఆలోచించకండి

2012లో జీటీఎక్స్ 600 వరుసతో వచ్చింది. మొదట్లో దీని బొమ్మ మొహం మీద బురద చల్లినట్టు ఉండేది, ముఖ్యంగా గడ్డి, ఆకులు, నీళ్ళు ఉన్నచోట. 2018లో ఆర్‌టీఎక్స్ 20 వరుస వచ్చాక పరిస్థితి మారింది. అప్పట్నుంచి స్ట్రీమింగ్ బిట్‌రేట్లలో నాణ్యతలో ఇది ఎక్స్264 వెరీఫాస్ట్ సెట్టింగ్‌ని దాటేస్తుంది, గేమ్ ఎఫ్‌పీఎస్ పెద్దగా తగ్గదు.

కొనేముందు ఇక్కడ రెండు గోతులున్నాయి. జీటీ 1030లో ఎన్‌వెంక్ అసలు లేదు. "ఎన్విడియా కార్డే కదా" అని కొన్నవాళ్ళు ఓబీఎస్ తెరిచి ఎన్‌కోడర్ జాబితాలో వెతుక్కుంటూ కూర్చుంటారు. రెండోది జీటీఎక్స్ 1650. మొదట వచ్చిన మామూలు 1650లో పాత తరం ఎన్‌వెంక్ పెట్టారు, 1650 సూపర్‌లో కొత్తది. సెకండ్ హ్యాండ్‌లో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి పెట్టె మీద ఆ ఒక్క మాట చూసుకోవాలి.

సెట్టింగ్స్‌లో పీ1 నుంచి పీ7 దాకా ప్రీసెట్లు (ముందే కూర్చిన సెట్టింగులు) ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ నాణ్యత, భారం రెండూ పెరుగుతాయి. పీ5 దగ్గర మొదలుపెట్టండి. ఎన్‌కోడింగ్ ల్యాగ్ కనపడితే పీ4, పీ3కి దిగండి. లుక్ అహెడ్ (రాబోయే ఫ్రేముల్ని ముందే చూసుకోవడం) అన్నది ప్రత్యేక భాగంతో సరిపెట్టుకోదు, మామూలు జీపీయూ కోర్లని కూడా వాడుకుంటుంది. జీపీయూ నిండుగా ఉన్నవాళ్ళు దాన్ని ఆపేయాలి.

ఆర్‌టీఎక్స్ 40 వరుస నుంచి ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతి కూడా వచ్చింది. యూట్యూబ్ ఏవీ1 స్ట్రీమ్ తీసుకుంటుంది, ఓబీఎస్ 2023లో 29.1 వెర్షన్‌తో దానికి దారి ఇచ్చింది. తక్కువ బిట్‌రేట్‌లో మంచి బొమ్మ కావాలంటే, అంటే అప్‌లోడ్ తక్కువున్న ఊళ్ళో ఉండి కొత్త కార్డు ఉంటే, ఇది నిజంగా పనికొచ్చేది.

## ఏఎండీ, ఇంటెల్

హెచ్264 అనే మామూలు కుదింపు పద్ధతిలో ఏఎండీ కార్డులు చాలాకాలం వెనకబడి ఉన్నాయి. ఆర్‌ఎక్స్ 580 లాంటి పాత కార్డుతో 6 ఎంబీపీఎస్‌లో పరుగుల గేమ్ స్ట్రీమ్ చేస్తే బొమ్మ చతురస్రాలుగా విడిపోతుంది. తర్వాతి తరాల్లో మెరుగైంది. ఆర్‌ఎక్స్ 7000 నుంచి ఏవీ1 కూడా ఉంది. ఇంట్లో ఉన్నది ఏఎండీ కార్డే అయితే, లైవ్‌కి హెచ్ఈవీసీ (హెచ్264 తర్వాతి పద్ధతి) గానీ ఏవీ1 గానీ వాడి యూట్యూబ్‌కి పంపండి, తేడా తెలుస్తుంది. ఫైల్‌కి రికార్డు చేసేవాళ్ళు బిట్‌రేట్ పెంచుకుంటే ఏ బాధా లేదు. ఒక్క హెచ్చరిక: 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, 6400 కార్డుల్లో ఎన్‌కోడరే లేదు. ధర చూసి మురిసిపోయి స్ట్రీమింగ్‌కి కొనకండి.

ఇంటెల్ క్విక్ సింక్ 2011 నుంచీ ఉంది. జనం దీన్ని మర్చిపోతారు గానీ నా లెక్కలో ఇది అన్నిటికంటే తక్కువ అంచనా వేసిన దారి. గేమ్ మీ పెద్ద కార్డు మీద నడుస్తుంటే, ఎన్‌కోడింగ్‌ని ప్రాసెసర్‌లో ఊరికే కూర్చున్న చిన్న గ్రాఫిక్స్ చూసుకుంటుంది. పాత ఏఎండీ కార్డు, 12వ తరం ఐ5 ఉన్నవాళ్ళకి ఇది దేవుడిచ్చిన వరం. డెస్క్‌టాప్‌లో పెద్ద కార్డు పెట్టగానే చాలా మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయోస్‌లోకి (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్ళి దాన్ని మళ్ళీ ఆన్ చేస్తే క్విక్ సింక్ ఓబీఎస్ జాబితాలో కనిపిస్తుంది.

అయితే మన దగ్గర బడ్జెట్ పీసీల్లో కొట్టువాళ్ళు ఎక్కువగా పెట్టేది ఐ5-12400ఎఫ్. చివరి ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. కొంత మిగులుతుంది నిజమే, దాంతోపాటు క్విక్ సింక్ పోతుంది. ఎన్విడియా మంచి కార్డు పెడుతుంటే ఎఫ్ తీసుకోండి, ఫర్వాలేదు. పాత కార్డుతో సర్దుకుందాం అనుకుంటే ఎఫ్ లేనిది అడగండి.

## ఎక్స్264: ఎవరికి?

ముక్కుసూటిగా చెప్పాలంటే ఈ రోజుల్లో ఒక్క పీసీతో ఆడుతూ స్ట్రీమ్ చేసేవాళ్ళలో దాదాపు ఎవరికీ వద్దు. ఎనిమిదేళ్ళ కింద నాణ్యత అంటే ఎక్స్264 అనేవాళ్ళు, ఆ సలహాలు ఇంకా వీడియోల్లో తిరుగుతున్నాయి. ఇది ఎన్‌కోడింగ్ మొత్తాన్ని ప్రాసెసర్‌తో చేయిస్తుంది. ఆరు కోర్ల ప్రాసెసర్ మీద వాలరెంట్ నడుపుతూ 1080పీ60ని (1080పీ బొమ్మ, 60 ఎఫ్‌పీఎస్) ఫాస్ట్ ప్రీసెట్‌లో పెట్టి చూడండి, ఆటా కుదుపుతుంది, స్ట్రీమూ కుదుపుతుంది. మొబైల్ గేముల్ని ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్ళకి మరీ కష్టం, ఎమ్యులేటర్ అప్పటికే కోర్లని నమిలేస్తుంటుంది.

జీపీయూలో ఎన్‌కోడర్ లేనివాళ్ళకి ఇదే దిక్కు. అప్పుడు వెరీఫాస్ట్ కంటే నిదానమైన ప్రీసెట్ల జోలికి పోకండి, నిదానమైనకొద్దీ ప్రాసెసర్ మీద బరువు ఎక్కువ. తట్టుకోకపోతే సూపర్‌ఫాస్ట్ పెట్టి, 1080పీ బదులు 720పీకి దించండి. 720పీలో ఉండే పిక్సెళ్ళు 1080పీలో సగం కంటే తక్కువ, ప్రాసెసర్‌కి ఊపిరాడుతుంది. చెస్ లాగా కదలిక తక్కువున్న ఆటలకైతే 30 ఎఫ్‌పీఎస్ చాలు.

ఇక ఎనిమిది, పన్నెండు కోర్లు ఖాళీగా పడున్న ప్రత్యేక స్ట్రీమింగ్ పీసీ ఉంటే ఎక్స్264 మీడియంతో ఆడుకోవచ్చు. అది వేరే తరగతి మనుషుల కథ.

## కార్డుతో వచ్చే రికార్డర్లు

ఎన్విడియా షాడోప్లే, ఏఎండీ అడ్రినలిన్‌లోని రికార్డర్, విండోస్ గేమ్ బార్. మీకు కావల్సింది "ఇప్పుడు కొట్టిన హెడ్‌షాట్ సేవ్ చేసుకోవడం" అయితే ఓబీఎస్ దాకా ఎందుకు? ఇవి సీన్లు కూర్చే పని పెట్టుకోవు కాబట్టి తేలిగ్గా నడుస్తాయి. వెనక్కి వెళ్ళి గడిచిన కొద్ది నిమిషాలు సేవ్ చేసే సదుపాయం వీటి ప్రాణం.

లోపం ఎడిటింగ్‌లో బయటపడుతుంది. షాడోప్లే ఫైళ్ళలో ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండదు, గేమ్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నలభై నిమిషాల వీడియోని కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో వేస్తే మొదట్లో సరిగ్గా ఉన్న గొంతు చివరికొచ్చేసరికి బొమ్మకంటే ముందో వెనకో నడుస్తుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుంటే సర్దుకుంటుంది, కానీ రోజూ ఆ పని చేయాలంటే విసుగు. పొడుగు వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకి ఓబీఎస్సే మేలు.

## రెండో పీసీ

గేమ్ పీసీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ క్యాప్చర్ కార్డులోకి, అక్కడ్నుంచి రెండో పీసీలోకి. సీన్ కూర్చడం, ఎన్‌కోడింగ్, అప్‌లోడ్ అన్నీ అక్కడే. పోటీ ఆటలు 240 ఎఫ్‌పీఎస్‌తో ఆడుతూ ఒక్క ఫ్రేమ్ కూడా తగ్గకూడదనుకునేవాళ్ళకి, స్ట్రీమింగే బతుకుతెరువైనవాళ్ళకి సరైనది. రెండో పీసీ గొప్పదేం కానక్కర్లేదు, క్విక్ సింక్ ఉన్న పాత ఐ5 కూడా 1080పీ60 పంపగలదు.

క్యాప్చర్ కార్డు దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల్లోపు "4కే" అని రాసి అమ్మే వేలెడంత డాంగిళ్ళు చాలావరకు యూఎస్‌బీ 2.0వి. లెక్క చూడండి: కుదించని 1080పీ60 బొమ్మకి సెకనుకి సుమారు 1,500 మెగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 గొంతులో పట్టేది కాగితం మీదే 480. కాబట్టి అది ముందే బొమ్మని గట్టిగా కుదించో, ఎఫ్‌పీఎస్ సగం చేసో పంపుతుంది. ఫ్రేములు పోకూడదని రెండో పీసీ పెట్టి, ఆ డాంగిల్‌లో ఫ్రేములు పోగొట్టుకోవడం ఏం తెలివి? యూఎస్‌బీ 3.0 ఉన్నదే తీసుకోండి.

ఇంకోటి, రెండు పీసీల మధ్య ఆడియో సర్దడం. గేమ్ శబ్దం ఇటు, మైకు అటు, డిస్కార్డ్ ఎటో. మొదటి వారం ఎకో వస్తుంది, రెండో వారం ఒకవైపు చెవిలోనే వినిపిస్తుంది. దీనికి ఓపిక ఉంటేనే దిగండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రెండు పీసీలు ఎంతసేపు నిలుస్తాయో కూడా ముందే లెక్కేసుకోండి.

## నెట్ వల్ల పోతుంటే పైవేవీ పనిచేయవు

డ్రాప్డ్ ఫ్రేమ్స్ లెక్క పెరుగుతుంటే కార్డు మార్చినా ప్రాసెసర్ మార్చినా ఉపయోగం లేదు. ప్లాన్‌లో పెద్ద అక్షరాలతో రాసేది డౌన్‌లోడ్, మీకు కావల్సింది అప్‌లోడ్. ఫైబర్‌లో చాలావరకు రెండూ సమానంగానే వస్తాయి, కొన్ని లోకల్ కేబుల్ కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ. మీరు స్ట్రీమ్ చేసే టైమ్‌కే, అంటే రాత్రి పదికి, మూడు నాలుగు రోజులు వరసగా కొలిచి చూడండి. పొద్దున్న ఆరింటికి కొలిస్తే ఎవరికైనా బాగానే వస్తుంది.

వచ్చిన అంకెల్లో అతి తక్కువదాన్ని తీసుకుని, దాని మూడింట రెండొంతులు బిట్‌రేట్‌గా పెట్టండి. ట్విచ్ మామూలుగా 6,000 కేబీపీఎస్ దగ్గర ఆపుతుంది. యూట్యూబ్ 1080పీ60కి హెచ్264లో 12 ఎంబీపీఎస్ దాకా సూచిస్తుంది. 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నవాళ్ళు 1080పీ మీద ఆశ వదులుకుని 720పీ పంపితే చూసేవాళ్ళకే హాయి. డేటా హద్దున్న ప్లాన్ అయితే ఇది కూడా గుర్తుపెట్టుకోండి: 6,000 కేబీపీఎస్‌తో మూడు గంటలు స్ట్రీమ్ చేస్తే సుమారు 8 జీబీ.

వైఫై వదిలేసి ల్యాన్ తీగ లాక్కోండి. గదికీ రూటర్‌కీ మధ్య రెండు గోడలుంటే స్పీడ్ టెస్ట్ బాగానే చూపించి, స్ట్రీమ్ మధ్యలో రెండు సెకన్లు ఊపిరి బిగబట్టేది వైఫైనే. తీగ లాగడం కుదరకపోతే ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నెట్ రద్దీని బట్టి బిట్‌రేట్ తనంతట తానే మారే టిక్ ఒకటుంది, అది పెట్టండి. ఫ్రేములు పోయే బదులు బొమ్మ కాసేపు మసకబారుతుంది.

## మీరు ఎవరు?

గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి. ఎన్‌వెంక్, గేమ్‌కి 60 హద్దు. ల్యాప్‌టాపుల్లో రెండు గ్రాఫిక్స్ ఉంటాయి. గేమ్ ఒకదాని మీద, ఓబీఎస్ ఇంకోదాని మీద నడిస్తే గేమ్ క్యాప్చర్‌లో నల్ల తెర రావచ్చు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రెండిటినీ పెద్ద కార్డుకే కట్టండి. ఛార్జర్ పెట్టకుండా రికార్డు చేయొద్దు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆడుతున్నారంటే, మొదటి పావుగంట బాగుండి తర్వాత కుదుపు మొదలైతే అది వేడి. చిప్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. ల్యాప్‌టాప్ వెనక రెండు పుస్తకాలు పెట్టి ఎత్తండి, పరుపు మీద మాత్రం పెట్టకండి.

8 జీబీ ఒకే ర్యామ్ కర్ర ఉన్నవాళ్ళు. ర్యామ్ పెంచితే ఫలితం కనపడేది వీళ్ళకే. రెండు కర్రలుగా 16 జీబీ చేసుకోండి. మా తమ్ముడికి అప్పటికే 16 ఉంది కాబట్టి డబ్బు దండగైంది.

లైవ్ వద్దు, ఎడిట్ చేసి పెట్టేవాళ్ళు. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ ఏదైనా ఫర్వాలేదు. రేట్ కంట్రోల్‌లో సీబీఆర్ (బిట్‌రేట్ స్థిరంగా ఉంచేది) తీసేసి సీక్యూపీ (నాణ్యత స్థిరంగా ఉంచేది) 20 పెట్టండి, ఎంకేవీ రకం ఫైల్‌గా రికార్డు చేయండి. మామూలు ఎంపీ4లో రికార్డు చేస్తుండగా కరెంటు పోతే ఫైల్ మొత్తం పోతుంది, ఎంకేవీలో అప్పటిదాకా అయింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోని రీమక్స్‌తో క్షణాల్లో ఎంపీ4 అవుతుంది. గేమ్ ఉన్న హార్డ్ డిస్క్‌లోకే రికార్డింగ్ పంపకండి. అది ఒకేసారి చదవలేక రాయలేక మొరాయిస్తుంది. 20 ఎంబీపీఎస్ ఫైల్ గంటకి 9 జీబీ అవుతుంది, 50 అయితే 22 దాటుతుంది, ముందే చోటు చూసుకోండి.

కొత్త పీసీ కట్టించుకుంటున్నవాళ్ళు. స్ట్రీమింగ్ ఉద్దేశం ఉంటే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డుకి మొగ్గు చూపండి, ప్రాసెసర్‌లో మరీ పైకి పోనక్కర్లేదు. అదే ధరకి గేముల్లో ఏఎండీ కార్డు ఎక్కువ ఎఫ్‌పీఎస్ ఇచ్చే సందర్భాలు ఉంటాయి. రోజూ ఆడటం, నెలకోసారి స్ట్రీమ్ అయితే అది తీసుకోవడంలో తప్పేం లేదు.

ఇప్పటికే అన్నీ ఉండి ఇంకా ఫ్రేములు పోతున్నవాళ్ళు. ఏదైనా కొనేముందు ఓబీఎస్ హెల్ప్ మెనూలో లాగ్ ఫైల్స్‌కి వెళ్ళి గత సెషన్ లాగ్ అప్‌లోడ్ చేసి, అనలైజ్ నొక్కండి. ఎర్ర రంగులో చూపించిన వాటితో మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, అయిదు నిమిషాల పరీక్ష మళ్ళీ చేయండి. మా తమ్ముడు ఇప్పుడు ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయడం మానేసి లాగే పంపిస్తున్నాడు. మొన్న పంపినదాంట్లో డ్రాప్డ్ ఫ్రేమ్స్ రెండు శాతం. ఆరా తీస్తే, వాళ్ళ నాన్న హాల్లో ఫర్నిచర్ జరుపుతూ ల్యాన్ తీగ మీద బీరువా పెట్టేశాడట.